మొదటి సగం నాన్నది

మా మావయ్యకి ఆ సినిమా రెండో సగం మొత్తం కంఠతా వచ్చు. మొదటి సగం మాత్రం మొన్నటిదాకా ఆయన చూడనే లేదు. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. నమ్మకపోవడం వాళ్ళ తప్పు కాదు. జంషెడ్‌పూర్‌లో ఆ సినిమా చూడని మనిషి దొరకడం కష్టం. ఇప్పటికీ బారిడీహ్ చౌక్‌లో టీ తాగే కుర్రాళ్ళు ఒకరినొకరు ఏడిపించుకోవాలంటే చొక్కా చేతులు నిదానంగా మడిచి, గొంతు బాగా తగ్గించి, "సడక్ సర్కార్ కా, డర్ హమారా" అంటారు. రోడ్డు సర్కారుదే గానీ దాని మీద భయం మాత్రం మాది అని. ఆ కుర్రాళ్ళ తండ్రులు నిక్కర్లేసుకునే రోజుల్లో వచ్చిన సినిమా అది. వాళ్ళలో సగం మందికి ఆ మాట ఎక్కడిదో కూడా తెలియదు. అయినా చేతులు మడవడం మాత్రం తు.చ. తప్పకుండా వచ్చు, అదేం విద్యో.

మొన్న మావయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనకి నీటికాసులు. పక్కల చూపు పోయి, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం కనిపిస్తోంది. ఆ గొట్టం కూడా సన్నబడుతోందని, మందులతో కొన్నాళ్ళు ఆపగలమే గానీ పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పింది. బయటికొచ్చి ఆటో కోసం నిలబడితే ఎదురుగా మాల్ మీద ఇంత పెద్ద బొమ్మ. అదే లారీ, అదే మడిచిన చొక్కా చేతులు. పాత సినిమాని శుభ్రం చేసి కొత్త ప్రింటు వేశారట, వారం రోజులు ఆడిస్తారట. మావయ్య తల అటూ ఇటూ తిప్పి బొమ్మనంతా ముక్కలు ముక్కలుగా చూసుకున్నాడు. వెళ్దామా అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"సెకండాఫ్‌కి ఎన్ని గంటలకి ఎల్లాలి?" అన్నాడు.

"మొదట్నుంచీ చూద్దాం మావయ్యా."

"అదెలాగే? అది మీ నాన్నది కదా."

నాకు ఒళ్ళు మండింది. నాన్న పోయి ఇన్నేళ్ళయింది, ఈయన కళ్ళు పోతున్నాయి, ఇంకా వాటాలేమిటి అనుకున్నాను. కానీ అసలు సంగతి తెలిస్తే ఆ వాటాల్లోనే మా ఇంటి కథంతా ఉంది.

మావయ్య మా అమ్మకి అన్న. శ్రీకాకుళం వైపు నుంచి మా వాళ్ళలో ముందుగా ఈ ఊరొచ్చింది ఆయనే. ఉక్కు కంపెనీలో ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, కింద కూలి పని, సీతారాండేరాలో ఒక గది, ముందు చిన్న వసారా. అమ్మకి పెళ్ళయ్యాక నాన్నని కూడా ఆయనే రప్పించాడు. నేను పుట్టింది ఆ గదిలోనే. సాయంత్రమయ్యేసరికి వీధి వీధంతా బొగ్గుల పొయ్యిలు ముట్టించేవారు. ఆ పొగ ఇళ్ళ మీదే తారట్లాడుతూ ఉండేది. దాని మీదుగా మా అత్త ఎండుచేపల పులుసు వాసన వచ్చిందంటే పక్కింటి బిహారీ ఆవిడ టక్కున తలుపేసుకునేది. అత్త వినబడేలా ఇంకో పిడికెడు చేపలు వేయించేది. ఉదయం చోడంబలి, మధ్యాహ్నం గంజన్నం, రాత్రికి పులుసు. మొదట నాన్నకి, తర్వాత మావయ్యకి వడ్డించేది. నాన్న తల ఎత్తకుండా తినేవాడు. బాగుందనేవాడు కాదు, బాగులేదనేవాడు కాదు, చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. మా నాన్న నోటి నుంచి ఒక మంచి మాట రాబట్టడం ఎవరి తరమూ కాలేదు. పరీక్షలో నేను ఫస్టొచ్చానని చెబితే, "సరే" అన్న మనిషి.

తర్వాత నాన్న ఉద్యోగం పర్మనెంటయింది. మావయ్యది కాలేదు. ఎందుకు కాలేదంటే ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో అలా కొందరికి అయ్యేది, కొందరికి అయ్యేది కాదు. నాన్నకి బారిడీహ్‌లో క్వార్టరు వచ్చింది. మేం సామాను సర్దుకుని వెళ్ళిపోయాం. మావయ్య, అత్త ఆ గదిలోనే ఉండిపోయారు. అత్త మనసులో అది ముల్లులా ఉండిపోయింది. క్వార్టరు గురించి కాదు. "ఉన్నన్నాళ్ళూ తిన్నాడు, ఎల్లేటప్పుడు ఒక్క మాటన్నాడేటి?" అనేది. మా అమ్మ ముందూ అనేది, మా నాన్న వెనకా అనేది. మావయ్య మాత్రం, "ఊరుకోయే, బావకి మాటలు రావు," అని బీడీ ముట్టించుకునేవాడు.

సినిమా వచ్చింది మేమింకా సీతారాండేరాలో ఉండగానే. నెలల తరబడి ఆడింది, నాన్న, మావయ్య మళ్ళీ మళ్ళీ చూశారు. బజారు పక్కన హాలు. ఇప్పుడు అది లేదు, అక్కడ బట్టల దుకాణాలున్నాయి. ఆ హాలుకో పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, దాన్ని ఆధా-ఆధా అనేవారు, సగం సగం అని. పన్నెండు గంటల ఆటకి మధ్యాహ్నం పనిలోకి దిగే బి షిఫ్టు వాళ్ళు వస్తారు. ఇంటర్వెల్ దాకా చూసి డ్యూటీకి పరిగెత్తాలి. పొద్దున్న పనిలోకి వెళ్ళినవాళ్ళు సరిగ్గా అప్పుడే బయటపడతారు. మొదటివాడు చించిన టికెట్టు ముక్క రెండోవాడి చేతిలో పెడతాడు, గేటు దగ్గర మనిషి ఆ సమయానికి ఆకాశం వైపు చూస్తాడు. ఒకే టికెట్టు, ఇద్దరు మనుషులు. మా నాన్న, మావయ్య మధ్య టికెట్టే కాదు, సైకిలు కూడా ఒకటే. మావయ్య పని దిగి సైకిలు మీద హాలుకొచ్చేవాడు. నాన్న ఆయనకి టికెట్టు ముక్క ఇచ్చి, అదే సైకిలెక్కి డ్యూటీకి పోయేవాడు. కాకపోతే సగం నుంచి చూసేవాడికి ముందేం జరిగిందో తెలియాలి కదా. అందుకని సైకిలు స్టాండులో నిలబడి ముందు కథ చెప్పడం మొదటివాడి ధర్మం. మా నాన్న జీవితంలో నోరు విప్పి మాట్లాడింది ఆ కాసేపే అని అమ్మ అనేది. చేతులూపుతూ, కళ్ళు పెద్దవి చేసి, గొంతు మార్చి మరీ చెప్పేవాడట. మాకెవరికీ దక్కని మనిషి మావయ్యకి సినిమా చూసిన రోజల్లా కాసేపు దొరికేవాడు.

కథ పెద్దదేం కాదు. ఒక లారీ క్లీనరు, వాడికో స్నేహితుడు ఛోటన్, లారీలు బాగుచేసే మెకానిక్కు. క్లీనరు ఒక రోజు ఒక గూండా చేత దెబ్బలు తిని, మర్నాడు అదే రోడ్డు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అక్కణ్ణించి వాడు దాదా అవుతాడు. ఆ దారిలో పోయే ప్రతి బొగ్గు లారీ వాడి పేరు చెప్పుకుని పోవాల్సిందే. రెండో సగంలో అన్నీ తిరగబడతాయి. చివర దాదా పారిపోవడానికి వీలుగా ఛోటన్ అతని లారీ తీసుకుని పోలీసుల్ని తన వెంట తిప్పుకుంటాడు, కాల్పుల్లో చచ్చిపోతాడు. దాదా అప్పటికే ఊరు దాటేశాడు. ఇంకో అడుగు వేస్తే ఎవరికీ దొరకడు. అక్కడ ఆగుతాడు. వెనక్కి నడిచి వస్తాడు. ఛోటన్ పక్కన రోడ్డు మీద కూర్చుంటాడు. వాళ్ళొచ్చి పట్టుకునేదాకా అలాగే కూర్చుంటాడు. చంపేసినా నేనొక మాట ఒప్పుకోను, అలాంటి సీను ఇప్పటివాళ్ళు తీయగలరంటే. పాట లేదు, ఏడుపు లేదు, మాట లేదు. ఖాళీ రోడ్డు, నడిచి వస్తున్న మనిషి. అంతసేపూ కెమెరా కదలదు, మనమూ కదలలేం. అరిచి భయపెట్టే గూండాలని చాలామందిని చూశాం. వీడు సినిమా అంతటా ఒక్కసారి కూడా గొంతు పెంచడు. ఈ ఊళ్ళో రోజంతా మిషన్ల మోతలో బతికిన మనుషులకి, అంత నెమ్మదిగా మాట్లాడి అందరి చేతా వినిపించుకునే మనిషి దేవుడిలా కనిపించాడంటే వింతేముంది?

మావయ్యకి మాత్రం ఆ సినిమాలో అన్నిటికన్నా గొప్ప సీను తను చూడనిది. నాన్న చెప్పినది. దాన్ని ఆయన మాకు నటించి చూపించేవాడు. బనీను చేతులు మడుచుకోవడానికి ఏమీ లేకపోయినా మడుచుకునేవాడు. "దాదా కొత్త కారు కొన్నాడు. కొనీసి తిన్నగా ఎక్కడికెల్లినాడు? ఛోటన్ గాడింటికి. ఆడు కుర్చీ ఎయ్యబోతే ఒద్దన్నాడు. నేల మీద కూకున్నాడు. అన్నం పెట్టు అన్నాడు. ఛోటన్ పెళ్ళాం ఎండుచేపల పులుసు ఏసింది. తల దించుకుని తిన్నాడు. తినీసి ఏటన్నాడు? నానెంత పెద్దోణ్ణయినా నా ఒంట్లో ఉన్నది ఈ ఇంటి మెతుకే. ఇది నేకపోతే నాను బతికీవోణ్ణి కాను. అలాగన్నాడు." ఇక్కడికొచ్చేసరికి మావయ్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేవాడు.

అత్త ఊరుకునేదా? "హిందీ సినిమావోళ్ళు ఎండుచేపలు తింతారేటి?" అనేది.

"తిన్నాడు. బావ కల్లారా సూసినాడు."

"మరి మొదటి వారం సెప్పలేదేటి ఈ సీను?"

"మర్చిపోనాడట. తర్వాత గేపకం వచ్చి సెప్పినాడు. మీరు బారిడీ ఎల్లిపోయే ముందు వారం," అనేవాడు నా వైపు తిరిగి.

హాల్లో సినిమా చూసి వచ్చినవాళ్ళు చాలామంది ఒక సంగతి ఎత్తేవారు. అంత పెద్ద దాదా ఒక మెకానిక్కు కోసం వెనక్కి రావడమేమిటి, తెలివితక్కువ కాకపోతే అని. మావయ్య అలాంటివాళ్ళని జాలిగా చూసేవాడు. "ఆ ఇంటి అన్నం తిన్నోడు. రాకేటి సేత్తాడు?" అనేవాడు.

తర్వాత టీవీలొచ్చాయి. ఆ సినిమా ఎప్పుడు వేసినా మావయ్య మా క్వార్టరుకి వచ్చేవాడు. వచ్చి వసారాలో కూర్చునేవాడు. లోపల నాన్న మాతోపాటు మొదటి సగం చూసేవాడు. సగమయ్యాక లేచి బయటికొచ్చి, "ఎల్లు బావా," అని పడుకోవడానికి పోయేవాడు. మావయ్య లోపలికొచ్చి రెండో సగం చూసేవాడు. ఎంత చెప్పినా ఇద్దరూ కలిసి కూర్చునేవారు కారు. ఇంత మొండి మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. అమ్మ నవ్వలేక చచ్చేది. నాకు పెళ్ళయి, పిల్ల పుట్టి, తెలుగు బడిలో పంతులమ్మనయ్యాక కూడా ఈ తంతు సాగింది. ఎండుచేపల సీను టీవీలో నాకెప్పుడూ కనబడలేదు. ప్రకటనల కోసం కోసేసి ఉంటారనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం. తర్వాత నాన్న పోయాడు. ఆ తర్వాత అమ్మ, అత్త. మావయ్య ఆ సినిమా చూడడం మానేశాడు. ముందు సగం చూసి తనని లోపలికి పంపే మనిషి లేడు మరి.

మాల్ మీద బొమ్మ చూసిన రోజు మధ్యాహ్నం నేను ఫోనులో ఆ సినిమా పెట్టుకుని చూశాను. కొత్త ప్రింటే, ఏదీ కోయలేదని ముందే వేశారు. దాదా కారు కొన్నాడు. ఛోటన్ షెడ్డు ముందు నుంచి పోతూ హారను కొట్టాడు, ఛోటన్ చెయ్యి ఊపాడు, కారు వెళ్ళిపోయింది. అంతే. వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. ఇల్లూ లేదు, నేలా లేదు, అన్నమూ లేదు. ఛోటన్‌కి పెళ్ళామే లేదు.

ఇన్నేళ్ళు మావయ్య తలచుకుని తలచుకుని ఏడ్చిన సీను నాన్న అల్లినది. సరదాకి అల్లాడా, బావమరిదిని ఆటపట్టించడానికా? తీసుకెళితే ఆ సంగతి ఆయనకి హాల్లో తెలిసిపోతుంది. నాన్న తనకి అబద్ధం చెప్పాడని ఈ వయసులో తెలియాలా? తీసుకెళ్ళకపోతే ఆ చూపు పోయాక ఇక చూడడానికేమీ ఉండదు. రెండు రోజులు నలిగాను. మా అమ్మాయి జ్యోతికి చెబితే, నేను తెలుగులో చెప్పినదంతా విని ఎప్పటిలాగే హిందీలో, "మమ్మీ, పిక్చర్ ఉన్‌కీ హై. ఆప్ కౌన్ హోతీ హో రోక్‌నేవాలీ?" అంది. సినిమా ఆయనది, ఆపడానికి నువ్వెవరు అని. నా కూతురు నోరు నాదే, ఏం చేస్తాం. టికెట్లు కూడా తనే బుక్ చేసింది.

మావయ్యని ఒప్పించడానికి నేనొక్కటే అన్నాను. నాన్న సగం ఎవరూ చూడకుండా ఉండిపోతే బాగుంటుందా అని. మర్నాడు మేం వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గెడ్డం గీయించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆ హాలుకీ ఈ హాలుకీ పోలికే లేదు. ఆ రోజుల్లో చెక్క కుర్చీలు, బీడీల పొగ, దాదా తెర మీదికి వచ్చాడంటే ఈలలు. ఇప్పుడు మంచంలా వాలే సీట్లు, చల్లటి గాలి, ఎవరి పేలాల గిన్నె వాళ్ళ ఒళ్ళో. కుర్రాళ్ళే ఎక్కువమంది. ఆ రోజుల్లో ఈ సినిమా చూసి ఇప్పుడు తాతలైనవాళ్ళు కాదు, వాళ్ళ మనవలు వచ్చారు. అంతా మొదట్నుంచి చివరిదాకా చూస్తారు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు. సుఖమే. కాదనను. కానీ సైకిలు స్టాండులో నిలబడి సినిమా చెప్పేటంత అవసరం ఒక మనిషికి ఇంకో మనిషితో ఇప్పుడు లేదు.

దీపాలార్పారు. మావయ్య ముందుకి వంగి కూర్చున్నాడు. తెర పెద్దది, ఆయన చూపు చిన్నది, తల ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూనే ఉన్నాడు. క్లీనరు దెబ్బలు తిన్నప్పుడు పళ్ళు బిగించాడు. రోడ్డు మధ్య కుర్చీ వేసుకున్నప్పుడు, "అచ్చం బావ సెప్పినట్టే ఉన్నాదే," అన్నాడు నా చెవిలో. అన్నీ నాన్న చెప్పినట్టే ఉన్నాయట, చొక్కా రంగుతో సహా. కారు వచ్చింది. హారను కొట్టింది. ఛోటన్ చెయ్యి ఊపాడు. కారు పోయింది. నేను మావయ్య వైపు చూడలేదు. ఇంకా వస్తుందేమోనని ఆయన ఎదురుచూస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. ఇంటర్వెల్ పడింది.

చుట్టూ కుర్రాళ్ళు లేచి బయటికి పోయారు. మావయ్య లేవలేదు.

"ఆ సీను నేదే," అన్నాడు.

"కోసేశారేమో మావయ్యా."

"నాకు అబద్దం సెప్పకు. నీకు తెలుసు." కోపంగా అనలేదు. తెల్లటి తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఎండుచేపల పులుసు సినిమాలో ఎందుకుంటాదే? అది మీ అత్త వండింది. నేల మీద కూకుని తలొంచుకుని తిన్నది మీ నాన్న."

ఇంత చదువుకుని, ఇందరు పిల్లలకి పాఠాలు చెప్పి, ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. మేం సామాను సర్దుకుంటున్న వారంలో ఆ మొండి మనిషి, ఎదురుగా నిలబడి అనలేని మాటని ఒక దాదా నోట్లో పెట్టి, సైకిలు స్టాండులో బావకి అప్పజెప్పి డ్యూటీకి పోయాడు. నాన్న మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. బతికి ఉండగా అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

"మీ అత్త ఉండగా తెలిసుంటే బాగుండును," అన్నాడు మావయ్య. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. "ఒక్క మాట, ఒక్క మాట అని అలాగే పోనాది ముసిల్ది."

మళ్ళీ సినిమా మొదలైంది. ఆయనకి కంఠతా వచ్చిన సగమే. పెదవులు కదులుతూనే ఉన్నాయి. దాదా వెనక్కి నడిచి వచ్చే దగ్గర ఎప్పుడూ ఏడ్చే మనిషి ఈసారి ఏడవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ ఖాళీ రోడ్డు మీద ఆ నడకంతా చూశాడు. నేనే కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. దీపాలు వెలిగాక పక్క సీటు కుర్రాడు, ఇంత ముసలాయన వచ్చాడని ముచ్చటపడి కాబోలు, సినిమా ఎలా ఉంది దాదాజీ అని హిందీలో అడిగాడు.

మావయ్య అతనికేసి తల తిప్పి, ఆ గొట్టంలోకి అతని మొహం వచ్చేదాకా ఆగాడు. తర్వాత తన తెలుగు యాస హిందీలో నింపాదిగా చెప్పాడు.

"బాగుంది బాబూ. మా బావ తీసింది ఇంకా బాగుంటాది."